మన్నుకు రైలు, మనిషికి బస్సు

ఐర్లండ్‌లో మీత్ కౌంటీకి ముఖ్యపట్టణం నావన్. డబ్లిన్‌కి వాయవ్యంగా 50 కిలోమీటర్ల దూరం, జనాభా దాదాపు 34 వేలు. ఊళ్ళో రైల్వే స్ట్రీట్ ఉంది. బాయిన్ నది మీద రైలు వంతెన ఉంది. వంతెన మీద పట్టాలున్నాయి, పట్టాల మీద తిరగడానికి రైలూ ఉంది. దాన్ని ఎక్కాలంటే మాత్రం మనిషిగా పుట్టి లాభం లేదు, జింకు ఖనిజంగా పుట్టాలి.

ఊరి పక్కనే టారా మైన్స్, ఐరోపాలోకెల్లా పెద్ద జింకు గని. 1977లో తవ్వకం మొదలైంది. ఆ ఖనిజానికి చేసిన ప్రయాణ ఏర్పాట్లు చూస్తే కొత్తల్లుడికి కూడా అంత మర్యాద జరగదనిపిస్తుంది. గని గుమ్మం దాకా పట్టాలు. అక్కడ వ్యాగన్ ఎక్కితే డ్రొహెడా మీదుగా డబ్లిన్ పోర్టు, అక్కణ్ణుంచి ఓడలో నార్వేకో ఫిన్లండ్‌కో. టోల్ లేదు, పార్కింగ్ గొడవ లేదు, వానలో నిలబడక్కర్లేదు. ఆ డ్రొహెడా లైను మీద మనుషుల్ని 1958లోనే దించేశారు. క్లోన్సిల్లా మీదుగా డబ్లిన్ పోయే దగ్గరి దారిలో ఇంకా ముందే, 1947లో దించేశారు. 1963లో అక్కడ గూడ్సు కూడా ఆపేసి, తర్వాత పట్టాలు పీక్కుపోయారు. ఆ దారిలోని కిల్మెస్సన్ స్టేషన్ ఇప్పుడు హోటల్, పెళ్ళిళ్ళకి బాగా పేరున్న చోటు. రైళ్ళు పోయినా అప్పగింతలు మాత్రం నిరాటంకంగా జరుగుతున్నాయన్నమాట.

ఊరి పేరుని ఇంగ్లిషు అక్షరాల్లో రాసి ఎటు నుంచి చదివినా ఒకేలా ఉంటుంది. ఏలినవారు ఈ విశేషాన్ని గౌరవించి రైలు విషయంలోనూ అదే పద్ధతి పాటించారు. 2005లో ట్రాన్స్‌పోర్ట్ 21 పథకం అన్నది: 2015కల్లా రైలు వస్తుంది. 2011లో అన్నారు: డబ్బుల్లేవు, తర్వాత చూద్దాం. 2016 నాటి రవాణా వ్యూహం అన్నది: అందుకు సరిపడా ప్రయాణికులు ఉండరు, అక్కర్లేదు. 2023లో ఖరారైన వ్యూహం అన్నది: అక్కరే, 2042లోపు వేస్తాం. ఔను, కాదు, కాదు, ఔను. వెనక నుంచి చదువుకున్నా అక్షరం తేడా రాదు. 2005 నాటి మాట నమ్మి 30 ఏళ్ళ అప్పు మీద ఇల్లు కొన్నవాళ్ళకి 2035లో అప్పు తీరిపోతుంది. బ్యాంకువాడి చివరి వాయిదా ముందొస్తుందా, మొదటి రైలు ముందొస్తుందా అని ఇంకా అనుమానం ఉన్నవాళ్ళు అమాయకులు.

2016 నాటి అంచనాని తప్పు పట్టకూడదు. పొద్దున్నే ఆరింటికి బస్‌స్టాపులో కనిపించేవాళ్ళు ప్రయాణికులు కారు. వాళ్ళు నిలబడ్డవాళ్ళు. బస్సు ఎక్కాకే ప్రయాణికులవుతారు, ఆ గండం గడవాలి కదా.

ఆ గండం వివరాలు ఇవి. డబ్లిన్‌కి ఎన్ఎక్స్ అనే బస్సు ఉంది, 109 ఉంది, విమానాశ్రయం వైపు 109ఏ ఉంది. కెల్స్ నుంచో, కావన్ నుంచో వచ్చే బస్సు నావన్ చేరేసరికే సగం నిండి ఉండొచ్చు. చెయ్యి చాచాలి. చాచకపోతే డ్రైవరుకి మీరు ప్రకృతి ఆరాధకులన్న అభిప్రాయం కలిగి ముందుకు పోతాడు. ఎక్కి ఎక్కడికో చెప్పాలి, ఆయన నొక్కాలి, మీరు లీప్ అనే ప్రయాణ కార్డు తాకించాలి. ఒక్కొక్కరికి పది సెకన్లే అనుకున్నా నలభై మందికి ఏడు నిమిషాలు. ఈలోగా ఒకాయన కార్డులో డబ్బుల్లేవని తేలుతుంది. వెనకున్నవాళ్ళెవరూ ఏమీ అనరు, ఐరిష్ మర్యాద. చూపులతో సరిపెడతారు. సీట్లు నిండిపోతే కోచ్‌లో నిలబడనివ్వరు, మోటర్‌వే మీద పోయే బండి మరి. దిగేటప్పుడు మాత్రం ప్రతి ఒక్కరూ డ్రైవరుకి థాంక్స్ చెప్పి దిగుతారు, బస్సు నలభై నిమిషాలు ఆలస్యమైనా సరే.

స్టాపులోని ఎలక్ట్రానిక్ బోర్డు గురించి వేరే చెప్పుకోవాలి. బస్సు దగ్గరికొచ్చే కొద్దీ నిమిషాలు తగ్గి, ఆఖర్న ‘డ్యూ’ అని పడుతుంది. ఈ మాట తెలుగువాళ్ళకి చీటీల దగ్గరా కరెంటు బిల్లు దగ్గరా బాగా పరిచయం: ఇవ్వాల్సి ఉంది, ఇంకా ఇవ్వలేదు అని. ఇక్కడా అదే అర్థం. బండి ఎక్కడుందో కబురు అందకపోతే బోర్డు టైంటేబుల్లోని అంకెనే చూపిస్తుంది. ట్రిప్పు రద్దైన సంగతి దానికెవరూ చెప్పకపోతే ఆ అంకె బుద్ధిగా పది, అయిదు, రెండు, డ్యూ అని దిగొచ్చి మాయమవుతుంది. దీన్ని దయ్యం బస్సు అంటారు. దయ్యాల్లో ఇంత సమయపాలన ఉన్నది ఇదొక్కటే.

కారున్నవాళ్ళకి ఎం3 అనే మోటర్‌వే ఉంది. ప్రాచీన రాజుల పీఠమైన తారా కొండ పక్కనుంచి వేయొద్దని పెద్ద గొడవ జరిగినా, వేసేసి 2010లో తెరిచారు. టోల్ రోడ్డు. వాహనాలు అనుకున్నన్ని రాకపోతే నిర్వహణ సంస్థకి ప్రభుత్వం కొంత సర్దుబాటు చేయాలని ఒప్పందంలో రాసుకున్నారు, ఏళ్ళ తరబడి చేశారు కూడా. అంటే కారు తీస్తే టోల్ మీ జేబులోంచి, తీయకపోతే మీ పన్నులోంచి. ఎటూ ఖాళీగా కూర్చోనివ్వని రోడ్డు.

అదే ఏడాది ఎం3 పార్క్‌వే అని ఒక స్టేషన్ కూడా తెరిచారు, 1,200 కార్లు పట్టే స్థలంతో. పీకేసిన పాత లైనుని అంతవరకే తిరిగి వేశారు. అక్కణ్ణుంచి నావన్‌కి ఇంకా ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. ఈ స్టేషన్ అయిదో ఎగ్జిట్ దగ్గర. టోల్ గేటు అయిదుకీ ఆరుకీ మధ్య. నావన్ నుంచి వచ్చేవాళ్ళు రైలెక్కడానికి ముందు రోడ్డుకి కప్పం కట్టి, తర్వాత పార్కింగుకి కట్టి, ఆపైన టికెట్టు కొనాలి. కప్పం ఎగ్గొట్టాలంటే ఆర్147 అనే పాత రోడ్డుంది, డన్‌షాక్లిన్ మీదుగా. అయితే ఆ తెలివి ఊరందరికీ ఉంది. ఒకవేళ ముందుకెళ్ళి, డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50 రోడ్డు ఎక్కి లూకన్ వైపు తిరిగితే అక్కడా టోల్ ఉంది కానీ గేటే లేదు. కెమెరా నెంబరు రాసుకుంటుంది. మర్నాడు రాత్రి 8 లోపు గుర్తొచ్చి కట్టాలి, లేదంటే జరిమానా మొదలై రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది.

ఇన్ని తిప్పలు ఎందుకు? రైలుంది, పట్టాలున్నాయి, డబ్లిన్ దాకా దారి ఉంది. కొరవడింది ప్రయాణికుల అర్హతే. కాబట్టి పౌరులు ఖనిజ హోదా కోసం దరఖాస్తు చేసుకోవడమే మార్గం. ప్రక్రియ కష్టమేమీ కాదు. మొదట రాయిని పిండి చేస్తారు. రెండేళ్ళు డబ్లిన్‌కి రోజూ వెళ్ళొచ్చినవాళ్ళకి ఈ దశ మినహాయించవచ్చు. తర్వాత నీళ్ళలో కలిపి, రసాయనాలు వేసి, అడుగు నుంచి గాలి ఊదుతారు. విలువైనది నురగ పట్టుకుని పైకి తేలుతుంది, మిగతాది అడుగున ఉండిపోతుంది. ఇళ్ళ ధరల మార్కెట్లో ఇదీ జరిగిపోయింది. చివరికి నీరంతా పిండేసి, పొడిబారాకే వ్యాగన్‌లోకి ఎక్కిస్తారు.

ఈ ఒక్క దశ దగ్గరే దరఖాస్తు ఆగిపోయే ప్రమాదం ఉంది. నావన్ బస్‌స్టాపులో నిలబడ్డ మనిషి ఎప్పుడు పొడిబారాలి?