గడువు ముగిసింది, టీ వచ్చింది

మా అక్క కొడుక్కి జ్వరం. వాడి పేరున కట్టిన ఫీజు వెనక్కి ఇవ్వరట, పోటీకి వయసు పరిమితి కూడా లేదట. "వేసవంతా వాడితో ఆడావు కదా, నువ్వే వెళ్లి కూర్చో" అని అక్క కార్డుల డబ్బా నా చేతిలో పెట్టింది. ఇది పేకాట కాదు, పోకెమాన్ అనే వింత జంతువుల బొమ్మలున్న కార్డులతో ఆడే పోటీ అని ఎదురింటాయనకు వివరించాను, ఆయన నమ్మలేదు. నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ దగ్గర్లో ఒక ఫంక్షన్ హాలు. మొదటి రౌండు గెలిచాను. ఎలా గెలిచానని అడగకండి, అవతలి పిల్లవాడికి మధ్యలో ఏడుపొచ్చింది.

కరపత్రంలో ఉదయం 10 గంటలకు అని ఉంది. ముఖ్య అతిథి పదకొండున్నర దాటాక వచ్చారు. వచ్చి, క్యారమ్స్ ఆడితే ఏకాగ్రత ఎలా పెరుగుతుందో తీరిగ్గా సెలవిచ్చారు. ఇది క్యారమ్స్ కాదని నిర్వాహకుల్లో ఒక్కరూ ఆయన చెవిన వేయలేదు. ఆయన కారు గేటు దాటిందో లేదో, మైకు అందుకున్న నిర్వాహకుడి గొంతు మారిపోయింది. "రౌండుకు 30 నిమిషాలు. ఒక్క సెకను కూడా పెంచేది లేదు. సాయంత్రం హాలు పెళ్లివాళ్లకు అప్పగించాలి." పొద్దున పోయిన గంటన్నర ఎవరి ఖాతాలో రాశారో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, నా పక్కన కూర్చున్నవాళ్లంతా నా నడుము ఎత్తు కూడా లేరు.

గడువు ఎందుకు పెడతారో తెలియక అంటున్న మాట కాదు ఇది. ఒక్క బల్ల దగ్గర ఆట తేలకపోతే తర్వాతి రౌండు జతలు వేయలేరు, హాలంతా ఆ ఇద్దరి మొహాలు చూస్తూ కూర్చోవాలి. అందుకే ఏ ఆట లెక్క ఆ ఆటకు ఉంది. మ్యాజిక్ అనే కార్డుల ఆట‌లో 50 నిమిషాలయ్యాక ఇంకో ఐదు టర్న్‌లు ఇస్తారు, అప్పటికీ తేలని ఆట డ్రా. యుగియో అనే ఇంకో కార్డుల ఆటలో ఒక్కొక్కరు 8000 ప్రాణ పాయింట్లతో మొదలుపెడతారు. గెలిచిన ఆటల లెక్కలో ఇద్దరూ సమంగా ఉండగా గడువు ముగిస్తే ఎవరి ప్రాణం ఎక్కువ మిగిలితే వాళ్లదే గెలుపు. పోకెమాన్‌లో అయితే, గడువు కొట్టినప్పుడు నడుస్తున్న టర్న్‌ను సున్నా కింద జమకట్టి, ఆపైన మూడు టర్న్‌లు ఇస్తారు. ఆట మొదట్లో చెరో ఆరు ప్రైజ్ కార్డులు పక్కన పెట్టుకుంటాం. ఎదుటివాడి పోకెమాన్‌ను పడగొట్టినప్పుడల్లా అందులోంచి ఒకటి తీసుకోవాలి, పెద్ద రకాన్ని పడగొడితే రెండు, మరీ పెద్దదైతే మూడు. ఓడితే ఇంటికే అనే ఇలాంటి పోటీల్లో, ఆ మూడు టర్న్‌లు ముగిశాక ఎవరికి తక్కువ ప్రైజ్‌లు మిగిలితే వాళ్లు ముందుకు వెళతారు.

చదరంగంలో ఈ గొడవ లేదు. 1883 లండన్ పోటీలో జంట గడియారాలు వచ్చినప్పటి నుంచి ఎవరి సమయం వాళ్లది. ఇక్కడ మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే గడియారం. నా వాటా నిమిషాలు ఎదుటివాడు తినేసినా కట్టాల్సింది ఇద్దరం.

రెండో రౌండులో అలా తిన్నవాడు మిర్యాలగూడ నుంచి వచ్చిన పదకొండేళ్ల బాబు. కళ్లజోడు, చక్కగా దువ్విన తల, ప్రతి మాటకూ "అంకుల్". వెనక కుర్చీలో వాళ్లమ్మ, ఒళ్లో సకినాల డబ్బా. అప్పటికి వాడికి రెండు ప్రైజ్‌లు మిగిలాయి, నాకు మూడు. కానీ బల్ల మీద బలం నాదే. వాడి పెద్ద పోకెమాన్ దెబ్బలు తిని వెనక వరసలో, అంటే బెంచీ మీద, కూలబడి ఉంది. గడియారంలో నాలుగు నిమిషాలు.

అప్పుడు వాడు తన కార్డుల కట్టలో, అంటే డెక్కులో, కార్డు వెతుక్కునే కార్డు ఒకటి వేశాడు.

మా పానగల్లు ఛాయాసోమేశ్వరాలయంలో శివలింగం మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా ఉంటుందంటారు. ఆ నీడ ఎలా ఉంటుందో వాడి చెయ్యి చూశాక అర్థమైంది. ఒక కార్డు దగ్గర ఆగుతుంది. దాన్ని పైకి లాగుతుంది. మళ్లీ లోపలికి తోస్తుంది. పక్కన పడేసిన కార్డుల కుప్ప తీసి చదువుతాడు, పేర్చి పెడతాడు, ఏదో మరిచినట్టు మళ్లీ తీస్తాడు. "నాన్నా, తొందరపడకు" అని వెనక నుంచి అమ్మ. అమ్మా, వాడు తొందరపడటం లేదమ్మా!

కావాలని నెమ్మదిగా ఆడితే జడ్జిని పిలవవచ్చు. చెయ్యెత్తాలి, అంతే. ఎత్తాను.

టీ అబ్బాయి వచ్చాడు.

"ఎన్ని సార్?" అన్నాడు. వద్దని తల ఊపాను. చక్కెర వద్దన్నానని అతనికి అర్థమైంది. "చక్కెర లేనిది కింద ఉంది సార్, తెస్తాను" అన్నాడు. అది కాదు బాబూ, నేను జడ్జి కోసం చెయ్యెత్తాను అన్నాను. "ఆయన ఇందాకే తాగారు సార్" అన్నాడు. ఈలోగా బాబు వాళ్లమ్మ నా భుజం మీదుగా వంగి "నాకొకటి ఇవ్వండి" అంది. డబ్బులు ఆమె బ్యాగులో ఎక్కడో అడుగున ఉన్నాయి. బ్యాగులోంచి తాళాలు వచ్చాయి, మందుల చీటీ వచ్చింది, చిన్న దువ్వెన వచ్చింది, చివరికి వంద నోటు వచ్చింది. అతని దగ్గర చిల్లర లేదు. చిల్లర ఉందా అని ఇద్దరూ నన్ను అడిగారు. నా చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. రెండో చేత్తో జేబు వెతికి పది రూపాయలు ఇచ్చాను, ఎలాగైనా అక్కణ్నుంచి కదులుతాడని. డబ్బులు నేనిచ్చాను కాబట్టి కప్పు నా ముందు పెట్టాడు.

సరిగ్గా అప్పుడు జడ్జి వచ్చాడు. పాతికేళ్లు కూడా ఉండవు, మెడలో ఐడీ కార్డు, నుదుట మూడు ముడతలు. బాబు చెయ్యి డెక్కు మీద అలాగే ఉంది; ఆయన అటు చూడలేదు. కప్పును చూశాడు. "కార్డుల దగ్గర ద్రవపదార్థాలు పెట్టకూడదని పొద్దున్నే చెప్పాం కదా సార్." ఈ టీ నాది కాదన్నాను. "డబ్బులు మీరే ఇచ్చారు కదా అంకుల్" అన్నాడు బాబు, నిజాయితీగా. జడ్జి నా పేరు ఎదురుగా కాగితంలో ఏదో రాసుకుని హెచ్చరిక ఇచ్చానన్నాడు. నేను పిలిచింది ఎందుకో చెప్పబోయాను.

"అయిపోయింది అంకుల్, మీ టర్న్" అన్నాడు బాబు.

గడియారంలో ఆరు సెకన్లు. ఈల మోగింది.

ఆ ఆరు సెకన్ల మహిమ వినండి. వాడి టర్న్‌లో ఈల మోగితే అది సున్నా, ఆపైన నాది, వాడిది, మళ్లీ నాది. చివరి దెబ్బ నా చేతిలో ఉండేది. నా టర్న్‌లో మోగింది కాబట్టి సున్నా నాది, ఒకటి వాడిది, రెండు నాది, మూడు వాడిది. సున్నాలో వాడి చిన్న పోకెమాన్ ఒకదాన్ని పడగొట్టాను. రెండూ రెండూ సమం. ఒకటో టర్న్‌లో వాడు కొత్తదాన్ని ముందుకు తెచ్చి ఒక ఎనర్జీ తగిలించి ఊరుకున్నాడు. టర్న్‌కు ఒకటే తగిలించాలి, అది కొట్టాలంటే రెండు కావాలి. రెండో టర్న్‌లో దాన్ని గట్టిగా కొట్టాను, పడలేదు. మూడో టర్న్‌లో వాడు రెండో ఎనర్జీ తగిలించి, నా దాన్ని కొట్టి, ఒక ప్రైజ్ తీసుకుని, "బాగా ఆడారు అంకుల్" అని చెయ్యి చాచాడు. బెంచీ మీది వాడి పెద్ద పోకెమాన్‌ను బయటికి లాగే కార్డు నా డెక్కు పైనే ఉంది, తర్వాత తీసి చూశాను. ఇంకొక్క టర్న్ ఉంటే రెండు ప్రైజ్‌లూ నావే.

వాళ్లమ్మ నాకొక సకినం ఇచ్చింది. టీ చల్లారిపోయింది.

బయటికొచ్చి మేనల్లుడికి ఫోను చేశాను. జ్వరంలో కూడా వాడికి లెక్క పోలేదు. "జడ్జి మన బల్ల దగ్గర మాట్లాడిన సమయం కలిపి ఇవ్వమని అడగాల్సింది మామయ్యా. అడిగితే ఇస్తారు."

మళ్లీ లోపలికి పరుగెత్తాను. జడ్జి తర్వాతి రౌండు జతల కాగితం గోడకు అంటిస్తున్నాడు. "బాబూ, నువ్వు ఆ టీ గురించి మాట్లాడినంతసేపు..." అని మొదలుపెట్టాను. ఆయన వెనక్కి తిరగకుండానే టేపు ముక్క కొరికి, "మీరు వాలంటీరేనా? ఆ చివరి బల్లకు రెండు కుర్చీలు వేయండి సార్, తొందరగా, ఇప్పటికే ఆలస్యమైంది" అన్నాడు.

వేశాను.