గరిష్ఠ సంఖ్యే నా సంఖ్య

డేటాబేస్‌లో ఒక వరుసను చేర్చాక దానికి పడిన ఐడీ (గుర్తింపు సంఖ్య) ఎంతో తెలుసుకోవడానికి ‘సెలెక్ట్ మ్యాక్స్ ఐడీ’ అని అడిగే ప్రోగ్రామర్లను అందరూ చులకన చేస్తున్నారు. ఇది ఘోరమైన అన్యాయం. పట్టికలోని అతి పెద్ద సంఖ్య తనదే అయి తీరుతుందని నమ్మాలంటే, తన ఇన్సర్ట్‌కూ (వరుసను చేర్చడానికీ) తన సెలెక్ట్‌కూ (సంఖ్యను అడగడానికీ) నడుమనున్న కొద్ది మిల్లీసెకన్లలో లోకమంతా తన కోసం ఊపిరి బిగబట్టి ఆగుతుందని నమ్మాలి; అంతటి ఆత్మవిశ్వాసం అందరికీ అబ్బేది కాదు.

ఇద్దరు ఒకేసారి ఆర్డర్ పెట్టారనుకుందాం. మొదటివారికి 501, రెండోవారికి 502 పడతాయి. మొదటివారి తరఫున ప్రోగ్రాము వెళ్లి గరిష్ఠం ఎంతని అడిగేసరికి డేటాబేస్ నిజాయితీగా 502 అంటుంది. దాంతో ఒకరు డబ్బు కట్టిన పుస్తకాలన్నీ మరొకరి ఆర్డర్‌లో చేరిపోతాయి, 501 ఖాళీగా మిగులుతుంది. 502 అనే ఆర్డర్ నిజంగానే ఉంది కనుక, లేని ఆర్డర్‌కు సరుకు తగిలిస్తే అడ్డుకునే ఫారిన్ కీ నియమం సైతం నోరు మెదపదు. ఇంతటి పరోపకారం టెస్టింగ్‌లో ఎన్నడూ బయటపడదు, ఎందుకంటే అక్కడ మీటలు నొక్కేది ఒక్కరే.

దీనికి బదులు మైసీక్వెల్ అనే డేటాబేస్‌లో ‘లాస్ట్ ఇన్సర్ట్ ఐడీ’ వాడమని పెద్దలు సెలవిస్తారు. అది ఏ కనెక్షన్ (ప్రోగ్రాముకూ డేటాబేస్‌కూ మధ్య తెరిచే లంకె) లెక్క ఆ కనెక్షన్‌కే ఉంచుతుంది కనుక పక్కవారి సంఖ్య మనకు రాదట. ఎంత సంకుచితత్వం! సిద్ధంగా తెరిచి ఉంచిన కనెక్షన్ల పూల్‌లోంచి ఒకటి తీసి ఇన్సర్ట్ చేసి, ఇంకో కనెక్షన్ మీద అడిగే స్వేచ్ఛను కూడా అది సహించదు; సున్నానో, అక్కడ ఎప్పుడో పడిన పాత సంఖ్యనో చేతిలో పెట్టి పంపేస్తుంది. ఒకే ఇన్సర్ట్‌తో పది వరుసలు చేర్చినా మొదటిదాని ఐడీ మాత్రమే చెబుతుంది.

ఈ విషయంలో ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌ది విశాల హృదయం. రెండు ఎట్ (@) గుర్తులతో మొదలయ్యే ‘ఐడెంటిటీ’ ఏళ్ల తరబడి సరైన సంఖ్యే ఇస్తుంది. ఒకనాడు ఎవరో ట్రిగ్గర్ (వరుస చేరగానే దానంతటదే నడిచే ఆదేశం) పెట్టి, మార్పులను నమోదు చేసే, సొంత ఐడీ ఉన్న ఆడిట్ పట్టికలో ఒక వరుస రాయించగానే, అడిగినవారికి ఆ ఆడిట్ వరుస సంఖ్యను అందిస్తుంది. ఈ ఔదార్యాన్ని చెడగొట్టడానికే, ట్రిగ్గర్ రాసినవాటిని పట్టించుకోకుండా మన వరుస సంఖ్యే చెప్పే ‘స్కోప్ ఐడెంటిటీ’ ఉంది.

ఇక పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 2006లోనే, 8.2 వెర్షన్‌లో, ఇన్సర్ట్ చివర ‘రిటర్నింగ్’ అని రాస్తే అదే వాక్యం ఐడీని తెచ్చిచ్చే ఏర్పాటు చేసింది. 2021లో ఎస్‌క్యూలైట్ కూడా ఆ దారే పట్టింది. చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికే మన ప్రాచీన విద్యకు ఇక గతేమిటి?

కనుక మా వర్గం కోరేది ఒక్కటే: మేము గరిష్ఠం అడిగి ముగించేదాకా ఇంకెవ్వరూ ఏమీ కొనకూడదు. పట్టికకు లాక్ వేసి ఈ కోరికను ఇప్పటికే అమలు చేసిన భక్తులున్నారు. వారి సైట్లలో సంఖ్యలు తారుమారు కావడం లేదు, ఆర్డర్లే ముందుకు కదలడం లేదు.