ఐబీఎస్ గారికి, మీ మాజీ పేషెంటు రాయునది

మహారాజశ్రీ ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనే పేగుల జబ్బు) గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ నా పొట్ట ఒప్పుకోలేదు.

ఏడేళ్ల కిందట మీరు నా ఫైల్లోకి వచ్చిన రోజు బాగా గుర్తుంది. ఉబ్బరం, విరేచనాలు, నీరసం అని చెబుతూనే ఉన్నాను, డాక్టరుగారు తలెత్తకుండా మూడక్షరాలు రాసేశారు. "టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు. అప్పటిదాకా లేని టెన్షన్ ఆ రోజే మొదలైంది.

ఇక ఏమొచ్చినా మీ ఖాతాలోనే. బరువు తగ్గితే మీరే. రక్తం తక్కువైతే మీరే. ఐరన్ మాత్రలు ఎన్ని మింగినా చిల్లుకుండలో నీళ్లే. రక్తహీనత మీ లక్షణాల జాబితాలో లేనే లేదన్న సంగతి చివరికి నేనే చదివి తెలుసుకున్నాను.

అసలు ముద్దాయి సీలియాక్. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్తే చాలు, నా ఒంటిని కాపాడాల్సిన సైన్యం నా చిన్నపేగు మీదే పడుతుంది. పేగు లోపల మఖమల్ గుడ్డకుండే నూగు లాంటిది ఉంటుంది. అది అరిగి చదునైపోతే ఐరన్ ఒంటికి పట్టేదెలా? ప్రపంచంలో ఇంచుమించు నూటికి ఒకరికి ఉందట ఈ జబ్బు. 2001లో బ్రిటన్‌లో మీ ముద్ర పడ్డ 300 మందిని పరీక్షిస్తే 14 మందిలో బయటపడింది, ఏ ముద్రా లేని 300 మందిలో ఇద్దరిలోనే. మీ వకీలు 2011 నాటి అమెరికా అధ్యయనం తీసి, అక్కడ తేడా కనపడలేదంటాడు. నిజమే. మీ పేరు మోసేవాళ్లలో ఎక్కువమంది మీవాళ్లేనని కూడా ఒప్పుకుంటాను. నేనడిగేది ఒక్క గొట్టం రక్తం, సీలియాక్ యాంటీబాడీలను వెతికే టీటీజీ-ఐజీఏ అనే పరీక్ష కోసం. మీ ముద్ర కొట్టే ముందు అది చూడమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది. నా విషయంలో ఏడేళ్లపాటు ఆ గొట్టం ఎవరికీ గుర్తు రాలేదు.

నా తెలివీ తక్కువేం కాదు. ఎవరో చెప్పారని గోధుమ మానేశాను. ఉబ్బరం తగ్గింది. ఏడాది పోయాక సంబరంగా టెస్టు చేయించుకుంటే నెగెటివ్! తినడం మానేస్తే రక్తంలో యాంటీబాడీలూ మెల్లగా తగ్గిపోతాయట. దొంగ ఊరు దాటాక కాపలా పెట్టానన్నమాట. కొత్త డాక్టరుగారు విని, "ఆరు వారాలు రోజూ రెండు పూటలా గోధుమ తినండి, అప్పుడు చూద్దాం" అన్నారు. తిన్నాను. ఎవరూ బలవంతం చేయకుండా, నా చేత్తో నేనే వడ్డించుకుని. పళ్లెం ముందు కూర్చుని గడియారం చూసుకునేవాణ్ణి, ఇంకో గంటకి ప్యాంటు బొత్తాం విప్పాలి కదా అని. ఆ ఆరు వారాలూ మీరు పక్కనే కూర్చుని "చెప్పానా, టెన్షనే" అంటున్నట్టుండేది.

ఈసారి పాజిటివ్. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదట్లోంచి నాలుగు ముక్కలు తీసి చూసి, అదేనని తేల్చారు. రిపోర్టు రెండుసార్లు చదివాను. టెన్షన్ అనే మాట ఎక్కడా లేదు.

నిన్న కౌంటర్లో మీ పేరు తీసేయమని అడిగాను. కంప్యూటర్లో పాత జబ్బు పోదట, కొత్తదాన్ని కింద చేరుస్తారట. ఇప్పుడు నా ఫైలు మీద ఇద్దరూ ఉన్నారు. మీరు పైన.

ఇట్లు,
గోధుమపిండి డబ్బా ఖాళీ చేసిన
మీ మాజీ