కాలిన ఊరికి చుట్టాలొస్తే

హవాయిలోని మావీ దీవిలో కాపురం పెట్టాక మాకు చుట్టాల కొరత లేదు. డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి, తణుకు నుంచి ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. 2023 ఆగస్టు తర్వాత మాత్రం వాళ్లు ఫోన్లో అడిగే మొదటి మాట మారింది. "ఇప్పుడు రావచ్చా? వస్తే అక్కడివాళ్లు ఏమైనా అనుకుంటారా?"

అలా అడిగినవాళ్లంటే నాకు గౌరవం. ఈ దీవిలోనే ఆ ప్రశ్నకు ఒక్క జవాబు లేదు మరి. ఆగస్టు 8 మధ్యాహ్నం నుంచి రాత్రిలోపు పడమటి తీరంలోని లహైనా పట్టణం కాలిపోయింది. 102 మంది చనిపోయారు. 2,200కు పైగా కట్టడాలు బూడిదయ్యాయి లేదా దెబ్బతిన్నాయి, వాటిలో ఎక్కువ ఇళ్లే. సరిగ్గా రెండు నెలలకు, అక్టోబరు 8 నుంచి పడమటి మావీని మళ్లీ టూరిస్టులకు తెరుస్తామని గవర్నర్ జోష్ గ్రీన్ ప్రకటిస్తే, అప్పుడే వద్దంటూ పది వేలకు పైగా సంతకాలు వచ్చాయి. ఇల్లు పోయి హోటల్ గదిలో తలదాచుకుంటున్న మనిషి, అదే హోటల్లో సెలవులకు దిగినవాళ్లకు నవ్వు మొహంతో కాఫీ అందించాలి. టూరిస్టులు రాకపోతే ఆ జీతమూ రాదు. వద్దన్నదీ రమ్మన్నదీ లహైనావాళ్లే.

రావాలనే నేనంటాను. కానీ పరామర్శకు వచ్చినట్టు రావాలి. మన ఊళ్లలో ఇల్లు కాలినవాళ్లను చూడటానికి వెళ్తే వట్టి చేతులతో వెళ్లం. ఎలా అంటుకుందని గుచ్చిగుచ్చి అడగం. వాళ్లకు మిగిలిన ఒక్క మంచం మీద మనం పడుకోం.

ఈ మంచం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. మంటలకు ముందే మావీలో ఇళ్ల కరువు. ఊరివాళ్లకు అద్దెకు దొరకాల్సిన ఫ్లాట్లు వేల సంఖ్యలో రోజువారీ అద్దెలకు, టూరిస్టులకు పోయేవి. మంటల తర్వాత వేల మంది నెలల తరబడి హోటళ్లలో ఉన్నారు, బయట అద్దెలు ఇంకా పెరిగాయి. ఆ నవంబరులో లహైనా స్ట్రాంగ్ అనే ఊరివాళ్ల బృందం కానపలి బీచ్‌లో, ఖరీదైన హోటళ్ల ముందు, గాలపు కర్రలు పాతి గుడారాలు వేసుకుని కూర్చుంది. తీరంలో చేపలు పట్టుకునే హక్కు తమకుందని, ఇళ్ల కోసం గాలం వేస్తున్నామని చెప్పారు. 2024 మేలో మావీ మేయర్ రిచర్డ్ బిస్సెన్ అపార్ట్‌మెంట్ జోన్లలోని సుమారు 7,000 ఫ్లాట్లను రోజువారీ అద్దెల నుంచి తప్పించాలని ప్రతిపాదించారు. 2025 డిసెంబరులో కౌంటీ కౌన్సిల్ దాన్ని ఆమోదించింది. అమలుకు ఇంకా కొన్నేళ్ల గడువుంది. ఆ ఫ్లాట్లు శుభ్రం చేసి బతికేవాళ్లకు పని పోతుందని కొందరంటున్నారు. అది నిజమైన భయమే, కొట్టిపారేయను. కానీ ఉండటానికి చోటు లేక ఆ కుటుంబాలే దీవి వదిలి వెళ్లిపోతుంటే, పని మిగిలి ఎవరికి లాభం?

అందుకే మా చుట్టాలకు ఒక్కటే షరతు పెట్టాం. మా ఇంట్లో ఉండండి, ఇరుకనిపిస్తే హోటల్లో దిగండి, ఫ్లాట్ మాత్రం బుక్ చేయకండి. ఆరుగురు వచ్చినా హాల్లో పరుపులు పరుస్తాం. పెళ్లిళ్లప్పుడు అందరం అలా పడుకున్నవాళ్లమే.

మొన్న మేనత్త, మావయ్య వచ్చారు. లహైనా వైపు కారులో వెళ్తుంటే కొండ వాలంతా ఎండిన గడ్డి. మావయ్య తణుకు దగ్గర చెరకు వేసినవాడు, గేదెలు మేపినవాడు. కిటికీలోంచి చూసి, "ఇది మన గినీ గడ్డే కదరా, కోసేవాళ్లు లేరా?" అన్నాడు. ఎన్నో వ్యాసాలు చదివి నేను తెలుసుకున్నది ఆయన ఒక్క చూపులో పట్టేశాడు. ఆ వాలు ఒకప్పుడు చెరకు తోట. లహైనాలోని పయనీర్ మిల్లు 1999లో మూతపడింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడితే రైతులు వరి వేసుకున్నారు, ఎందుకంటే భూమి వాళ్లది. ఇక్కడ భూమి పెద్ద కంపెనీలది. మళ్లీ విత్తే రైతే లేడు. పశువుల మేతకని తెచ్చిన గడ్డి ఆ పొలాల్ని ఆక్రమించింది. వానకు మనిషెత్తు పెరుగుతుంది, ఎండకు చిట్లిపోయేలా ఎండుతుంది. ఆ రోజు దీవికి దక్షిణంగా దూరాన డోరా తుపాను వెళ్తోంది, కొండ మీదనుంచి గాలి విరుచుకుపడింది. తెగిన కరెంటు తీగ వల్ల పొద్దున అంటుకున్న మంటే, ఆరిపోయిందనుకున్నాక మధ్యాహ్నం మళ్లీ లేచిందని 2024 అక్టోబరులో దర్యాప్తు నివేదిక తేల్చింది. 'ప్రకృతి విపత్తు' అన్న మాట నాకు మింగుడుపడదు. అంతకంటే చాలా ముందే, పొలాన్ని అనాథగా వదిలేసిన రోజునే ఈ మంట మొదలైంది.

ఇంకొక్క విషయం, పెద్దవాళ్లను పిలిపించుకునే ప్రతి ఇంటికీ సంబంధించింది. లహైనాలో చనిపోయినవారిలో ఎక్కువ మంది అరవై దాటినవాళ్లు. ఆ రోజు కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు, సైరన్లు మోగలేదు. ఇంగ్లీషు రాని అమ్మానాన్నలను ఇంట్లో వదిలి మనం ఆఫీసుకు వెళ్తాం. అందుకని వాళ్లు దిగిన రోజే ఒక బ్యాగులో పాస్‌పోర్టులు, బీపీ షుగర్ మాత్రలు, నీళ్ల సీసాలు పెట్టి తలుపు పక్కన ఉంచుతాం. పక్కింటివాళ్లకు పరిచయం చేస్తాం. పొగ కనిపిస్తే ఎవరి ఫోన్ కోసమూ చూడకుండా ఎటు నడవాలో దగ్గరుండి నడిపించి చూపిస్తాం. అత్తయ్య మొదట భయపడింది. రెండోసారి తనే ముందు నడిచింది.

మిగతావి చిన్న మర్యాదలే. లహైనా బైపాస్ రోడ్డు పక్కన చనిపోయినవారి కోసం శిలువలు నాటారు, అక్కడ సెల్ఫీలు వద్దు. హోటల్లో వడ్డించే అమ్మాయిని "మీ ఇల్లు కూడా పోయిందా?" అని అడగొద్దు, తనంతట తాను చెబితే వినండి. డబ్బు ఊరివాళ్ల చేతికి అందేలా ఖర్చుపెట్టండి. శనివారం రైతు సంతలో అత్తయ్య చామదుంపలు చూసి పొంగిపోయింది. ఇక్కడివాళ్లకు అది అన్నంతో సమానమని, చెరకుకు నీళ్లు మళ్లించకముందు లహైనా నిండా చామ మడులుండేవని చెబితే రెండు కిలోలు కొంది. ఆ రాత్రి మా ఇంట్లో చామదుంపల పులుసు.

తిరిగి వెళ్లేముందు మావయ్య లహైనాలోని మర్రిచెట్టు చూస్తానన్నాడు. 1873లో నాటిన ఆ మొక్క మన దేశం నుంచి వచ్చిందే. మంటల్లో మాడి, దాదాపు సగం పోయింది. దీవివాళ్లు ట్యాంకర్లతో నీళ్లు పోసి కాపాడారు, నెల తిరిగేసరికి చిగుళ్లు వేసింది. కంచె బయట నిలబడి మావయ్య చాలాసేపు చూశాడు, ఫోన్ జేబులోంచి తీయలేదు. కాసేపటికి వేలు చూపించి, "అదిగో, ఆ కొమ్మకు ఊడ దిగుతోంది. కింద నేల గట్టిగా ఉంది, కాస్త గుల్ల చేయమని చెప్పు వీళ్లకి" అన్నాడు.