ముప్పై దాటితే గోండి రాదా?

హైదరాబాద్‌లో ఉన్న మన గోండు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మాట తెగ తిరుగుతోంది: "ముప్పై దాటాక గోండి రాదు. పెద్దలకి క్లాసులు దండగ, పిల్లలకి బడిలో చెబితే చాలు. అంత పట్టుదల ఉంటే లిపి నేర్చుకుని, ఫోన్‌లో రోజూ పది నిమిషాలు చూడండి." ఇది మనవాళ్ళని నిరుత్సాహపరిచే మాట. పైగా తప్పు.

వయసు సంగతి ముఖ్యంగా యాస విషయంలో నిజమే. పెద్దయ్యాక నేర్చినవాళ్ళకి పాత యాస కొంత మిగులుతుంది. మాట్లాడడానికి అది అడ్డు కాదు. కెనడాలోని సిక్స్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రాంతంలో మొహాక్ తెగవాళ్ళు 1999 నుంచి పెద్దల కోసమే ఒక బడి నడుపుతున్నారు. రెండేళ్ళ చదువు, ఏడాదికి దాదాపు 1000 గంటలు. మొహాక్ భాషలో ఒక్క క్రియలోనే వాక్యమంత అర్థం ఇమిడి ఉంటుంది. ఇంగ్లీషులో పెరిగినవాళ్ళకి అది ఎంత కష్టమో ఆలోచించండి. అయినా ఆ బడి నుంచి ధారాళంగా మాట్లాడేవాళ్ళు వచ్చారు. మనకి అంత కష్టం లేదు. గోండి, తెలుగు రెండూ దక్షిణ మధ్య ద్రావిడ శాఖవే, రెండింటిలోనూ క్రియ చివరే వస్తుంది.

ఇక రోజుకు పది నిమిషాలు అంటే ఏడాదికి 60 గంటలు. మొహాక్ బడిలో అది రెండు మూడు వారాల చదువు. మనకి తక్కువైంది గంటలు, వయసు మించిపోలేదు.

ఇక లిపి సంగతి. గోండి రాసే గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ వాడే అక్షరాల ప్రమాణంలో చేరింది, అది మన గర్వం. అయితే మాట వచ్చాకే ఎవరికైనా అక్షరం ఉపయోగపడుతుంది. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీ పెద్దల కోసం 1970ల చివర్లో మొదలైన 'తె ఆతారంగి' పద్ధతిలో రంగు పుల్లలు ముందు పెట్టి మాట్లాడిస్తారు. ఇంగ్లీషు వాడకూడదన్నది అక్కడి నియమం.

పిల్లలకి చెబితే చాలన్న మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. బడిలో గంటసేపు గోండి విన్న పిల్ల ఉప్పల్‌లోనో కూకట్‌పల్లిలోనో ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడాలి? అవ్వాతాతలు ఉట్నూరులో, నార్నూరులో ఉన్నారు. ఇంట్లో ఉన్నది మనమే, మనకే రాదు.

శని, ఆదివారాలు ఆరేసి గంటలు కూర్చుంటే 50 వారాలకి 600 గంటలవుతాయి. చదువు లేదని చూడకుండా ఊళ్ళనుంచి గోండి బాగా మాట్లాడే పెద్దవాళ్ళని పిలిపించాలి, బస, జీతం ఇవ్వాలి. వాళ్ళతో కలిసి వంట చేయాలి, బజారుకెళ్ళాలి, ఆ గంటల్లో తెలుగు మాట్లాడకూడదు. దీపావళికి మన నృత్య పండుగ దండారి రోజుల్లో అందరం ఊళ్ళోనే ఉండాలి. ఆ పెద్దవాళ్ళకి జీతం ఎంత, ఎవరు ఇస్తారన్నది వచ్చే మీటింగులోనే తేల్చుకుందాం.