పిట్స్‌బర్గ్ ర్యాంకులు విడుదల

ఏ జాతికి ఏ విద్య అబ్బిందో చెప్పడం కష్టం. ర్యాంకులివ్వడంలో మాత్రం తెలుగువాడిని మించినవాడు భూమ్మీద లేడన్నది ఈ వ్యాసకర్త నిశ్చితాభిప్రాయం. టీవీలో ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని ఊపిరి పీల్చుకోకుండా చదివే గొంతు వింటూ అన్నాలు తిన్నవాళ్ళం మనం. ఫలితాల మర్నాడు పేపరు మొదటి పేజీలో పోస్టల్ స్టాంపంత ఫొటోల్లో మేనల్లుడి మొహాన్ని భూతద్దం పెట్టి వెతుక్కున్నవాళ్ళం. ఇంత అనుభవం పెట్టుకుని అమెరికన్ ఫుట్‌బాల్ విషయంలో నోరు మూసుకు కూర్చుంటే ఆ ఆటకే నష్టం.

అందుకని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఆడి, తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, పేరు తెచ్చుకున్నవాళ్ళలో అసలు గొప్పవాడెవరో తేల్చడానికి ఒక కమిటీ వేశాను. ఛైర్మన్ నేను. సభ్యుడు మా బావమరిది. సమావేశ స్థలం పెన్‌హిల్స్‌లోని శ్రీ వెంకటేశ్వరస్వామి గుడి భోజనశాల. ఎజెండాలో మొదటి అంశం పులిహోర.

ఈ విశ్వవిద్యాలయాన్ని ఇక్కడ అందరూ 'పిట్' అంటారు. 42 అంతస్తుల భవనంలో పాఠాలు చెబుతారు. అందులో నలంద నమూనాలో మన దేశం పేరిట ఒక తరగతి గది కూడా ఉంది. అయినా ఊళ్ళో జనం అడిగేది శనివారం స్కోరెంత అనే. ఈ ఆటలో మహామహులకు మాత్రమే చోటిచ్చే ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పిట్ కుర్రాళ్ళు పదిమందికి తక్కువ లేరు. ఈ సంగతి మన కార్పొరేట్ కాలేజీలవాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. చెప్పి ఉంటే ఈపాటికి ఆ పదిమందీ వాళ్ళ వీకెండ్ బ్యాచ్‌లో చదివినట్టు ఫ్లెక్సీలు వెలిసేవి.

తెలియనివారి కోసం డ్రాఫ్టు గురించి, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళను వంతులవారీగా ఎంచుకునే పద్ధతి గురించి, ఒక మాట. మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మొదటి ర్యాంకువాడు కాలేజీని ఎంచుకుంటాడు. (దానికి పేరు మార్చారని తెలుసు. పిట్ ఆడే హైంజ్ ఫీల్డ్ పేరు కూడా 2022లో మార్చారు. ఎవరు పిలుస్తున్నారు?) ఇక్కడ అంతా తలకిందులు. నిరుడు అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకు మొదటి వంతు ఇచ్చి, 'నీకు కావలసిన కుర్రాణ్ణి తీసుకో నాయనా' అంటారు. ఫెయిలైన కాలేజీకి టాపర్‌ని అప్పగించే ఈ పద్ధతిని మన దగ్గర ప్రవేశపెడితే జరిగే రాస్తారోకోలను ఊహించుకోండి.

ఇక అభ్యర్థులు. డాన్ మరీనో దగ్గర కమిటీ చాలాసేపు ఆగింది, రెండో ప్లేటు దాకా. పుట్టింది పిట్స్‌బర్గ్, పెరిగింది కాలేజీ పక్కనున్న ఓక్లాండ్ పేటలో, ఆడింది పిట్‌కి. 1983 డ్రాఫ్టులో సొంతూరి జట్టు స్టీలర్స్‌కు 21వ వంతు వచ్చింది. మరీనో ఇంకా ఖాళీగానే ఉన్నాడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా, తీసుకోలేదు. తమ దగ్గర నాలుగు సూపర్ బౌల్‌లు (అంటే లీగ్ ఫైనల్స్) గెలిచిన టెర్రీ బ్రాడ్‌షా ఉన్నాడులే అనుకున్నారు. ఆయన మరుసటి ఏడాదే రిటైరయ్యాడు. మరీనో 27వ వాడిగా, ఆ రోజు పోయిన క్వార్టర్‌బ్యాకుల్లో (బంతి విసిరి ఆట నడిపేవాళ్ళలో) ఆరోవాడిగా మయామీ వెళ్ళాడు. వెళ్ళిన రెండో ఏడే, 1984లో, 5,084 గజాలు, 48 టచ్‌డౌన్‌లు (బంతిని ఎదుటివాళ్ళ చివరి గీత దాటించి తెచ్చే స్కోర్లు) విసిరాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క సీజన్‌లో 5,000 గజాలు దాటడం అప్పటిదాకా ఎవరివల్లా కాలేదు. ఆ సీజన్ చివర్లోనే సూపర్ బౌల్ ఆడి శాన్‌ఫ్రాన్సిస్కో చేతిలో 38-16తో ఓడాడు. ఇరవై మూడేళ్ళవాడు, మళ్ళీ వస్తాడులే అనుకున్నారు అందరూ. మొత్తం పదిహేడు సీజన్‌లు ఆడాడు. మళ్ళీ రాలేదు.

ఇక్కడ లాజిక్ తెలిసిన పాఠకుడు కెనీ పికెట్ పేరు ఎత్తుతాడు. మరీనోను వదులుకున్న పాపం స్టీలర్స్‌ను 39 ఏళ్ళు వెంటాడింది. 2022లో మళ్ళీ పిట్ క్వార్టర్‌బ్యాకే కంటపడేసరికి ఈసారి తప్పు చేయకూడదని 20వ వంతులో గబుక్కున లాగేసుకున్నారు. ఆ కుర్రాడి అరచెయ్యి ఎనిమిదిన్నర అంగుళాలేనని అమెరికా మొత్తం టేపు పట్టుకుని చర్చించింది. పెళ్ళిచూపుల్లో మనవాళ్ళు కూడా అంత లోతుకు వెళ్ళరు. రెండేళ్ళకే అతన్ని ఫిలడెల్ఫియాకు సాగనంపారు. అక్కడ వేరేవాడికి స్టెప్నీగా కూర్చున్నాడు. 2025 ఫిబ్రవరిలో ఆ జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఫలితం తేలిపోయాక ఆఖర్న కాసేపు ఇతన్నీ మైదానంలోకి పంపారు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదు. గెలిచిన జట్టులో ఉన్నాడు కాబట్టి వేలికి సూపర్ బౌల్ ఉంగరం.

మరీనో వేలికి లేదు.

"ఉంగరాలే ప్రమాణమైతే పికెట్ పైన, మరీనో కింద రాయాలి బావా," అన్నాడు మా బావమరిది.

ఉంగరాలు ప్రమాణం కాదని కమిటీ అప్పటికప్పుడు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఇది గుర్తుపెట్టుకోండి. కాసేపట్లో ఈ తీర్మానాన్ని ఎత్తేస్తాం.

మరీనోకు కాలేజీలో ముందు నిలబడి దెబ్బలు కాసినవాడు జింబో కోవర్ట్. అదే డ్రాఫ్టులో కోవర్ట్ ఆరోవాడిగా పోయాడు. అంటే గొడుగుకు ఆరో ర్యాంకు, గొడుగు కింద నడిచినవాడికి ఇరవయ్యేడు. అయితే హాల్ ఆఫ్ ఫేమ్‌కి మరీనో 2005లో వెళితే కోవర్ట్‌ను 2020 దాకా ఎవరూ పిలవలేదు. లైన్‌లో నిలబడేవాళ్ళ బతుకంతే. గుడిలోనూ అంతే.

కర్టిస్ మార్టిన్ గురించి వినగానే నాకు గుండె కరిగిపోయింది. పిట్స్‌బర్గ్ కుర్రాడే. బడి అయ్యాక వీధుల్లో తిరక్కుండా ఏదో ఒకటి చెయ్యమని వాళ్ళమ్మ పోరితే ఫుట్‌బాల్‌లో చేరాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో వరసగా పది సీజన్‌లు వెయ్యి గజాలు దాటాడు. మొత్తం 14,101 గజాలు పరిగెత్తి, 2012లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదికెక్కి, తనకు ఈ ఆటంటే నిజానికి అంత అభిమానం లేదని చెప్పాడు. ఇష్టం లేని కోర్సులో అమ్మ చెప్పిందని చేరి, డిస్టింక్షన్‌లో పాసై, మంచి ప్యాకేజీ తీసుకుని, రిటైర్మెంట్ రోజున కడుపులో మాట బయటపెట్టిన మనిషి. ఈయన మనవాడు కాదని ఎవరైనా రుజువు చెయ్యగలరా? భోజనశాలలో ఆ పూట కూర్చున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లలో సగంమంది ఆయన తమ్ముళ్ళే.

లారీ ఫిట్జెరాల్డ్ మినియాపొలిస్‌వాడు. పిట్‌లో ఆడింది రెండు సీజన్‌లు. తర్వాత ఆరిజోనాలో పదిహేడు సీజన్‌లు ఆడి 1,432 బంతులు పట్టాడు. అంతకన్నా ఎక్కువ పట్టినవాడు జెర్రీ రైస్ ఒక్కడే. రెండేళ్ళు చదివితే మనవాడు అనొచ్చా అని బావమరిది సందేహం. ఒక్క మాక్ టెస్టు రాసినవాణ్ణి కూడా మనవాడు అని హోర్డింగ్ ఎక్కించే ఊళ్ళ నుంచి వచ్చి, ఇక్కడ ఈ పట్టింపులేంటి? 2009 ఫిబ్రవరిలో జరిగింది మాత్రం దారుణం. సూపర్ బౌల్‌లో రెండున్నర నిమిషాల ఆట మిగిలి ఉండగా ఫిట్జెరాల్డ్ 64 గజాలు పరిగెత్తి ఆరిజోనాకు ఆధిక్యం తెచ్చాడు. ఎదుటి జట్టు స్టీలర్స్. పిట్స్‌బర్గ్ వాళ్ళకు కాలేజీ అల్లుడు ఒకవైపు, సొంత కొడుకులు ఒకవైపు. చివరికి కొడుకులు 27-23తో గెలిచారు. ఊరు పండగ చేసుకుంది. అల్లుడికి ఉంగరం పెట్టని మామగార్లు మన దగ్గరే ఉంటారనుకున్నాను.

ఊరవతల ఆలిక్విపా అని ఒక స్టీలు కార్మికుల పట్నం. చిన్నది. మైక్ డిట్కా, ఎదుటివాళ్ళను బంతి పట్టనివ్వని డారెల్ రెవిస్ ఇద్దరూ అక్కడి హైస్కూలు వాళ్ళే. పక్క ఊరు హోప్‌వెల్ హైస్కూలు నుంచి వచ్చినవాడు టోనీ డోర్సెట్. అక్కడి నీళ్ళలో ఏముందో పరీక్ష చేయించాలని కమిటీ సిఫారసు. డోర్సెట్ 1976లో పిట్‌కి జాతీయ చాంపియన్‌షిప్, తనకు ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తెచ్చుకుని, మరుసటి సీజన్‌లోనే డాలస్‌తో సూపర్ బౌల్ గెలిచాడు. 1983 జనవరిలో మిన్నెసోటా మీద 99 గజాలు ఒకే పరుగు తీశాడు. ఆ సమయంలో అతని జట్టు తరఫున మైదానంలో ఉన్నది పదిమందే. పదకొండోవాడు పొరపాటున బయట ఉండిపోయాడు. కాలేజీ ప్రాజెక్టు చేసినవాళ్ళెవరికీ ఇందులో ఆశ్చర్యం ఉండదు.

డిట్కాను ఆటగాడిగా మాత్రమే చూడాలని నిర్ణయించాం. హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళిన మొదటి టైట్ ఎండ్ (లైన్‌లో అడ్డుకుంటూనే బంతీ పట్టేవాడు) ఆయన. కోచ్‌గా చూస్తే చిక్కొస్తుంది. 1999లో న్యూ ఆర్లియన్స్ కోచ్‌గా రికీ విలియమ్స్ అనే ఒక్క కుర్రాడి కోసం ఆ ఏటి డ్రాఫ్టు వంతులన్నీ, మరుసటి ఏటి వంతుల్లో రెండూ ఇచ్చేశాడు. ఇద్దరూ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు వేషాల్లో పత్రిక అట్టకు ఫొటో కూడా దిగారు. ఆ ఏడు మూడు ఆటలు గెలిచి పదమూడు ఓడారు, ఉద్యోగం పోయింది. ఆస్తంతా ఒక్క సంబంధానికే ఊడ్చిపెట్టిన తండ్రుల జాబితా మాకు వేరే ఉంది, అందులో వేస్తాం.

ఇక ఆరన్ డోనాల్డ్. చదివింది పెన్‌హిల్స్ హైస్కూలు. పాఠకులు మళ్ళీ ఒకసారి సమావేశ స్థలం చూసుకోగలరు. 1977లో, తిరుమల దేవస్థానం సాయంతో, అమెరికా ఖండంలో స్వామి కొండ వెతుక్కుని కొలువైంది ఏ ఊళ్ళోనో ఆ ఊరి బడి. పన్నెండేళ్ళ వయసులో తండ్రి ఆ కుర్రాణ్ణి తెల్లారి నాలుగున్నరకు లేపి, ఇంటి అడుగున కట్టిన జిమ్‌లో బరువులు ఎత్తించేవాడు. నాలుగున్నర! కార్పొరేట్ హాస్టల్లో స్టడీ అవర్ మొదలయ్యే వేళ. తిరుమలలో స్వామి అప్పటికే మేలుకుని ఉంటాడు. ఇంకా ఏం సాక్ష్యం కావాలి?

డ్రాఫ్టుకు వెళ్ళేసరికి చిన్నవాడన్నారు. ఆరడుగులు దాటిన మనిషి, బరువు 130 కిలోలకు కాస్త అటూ ఇటూ. ఆ 'పిల్లవాడు' 2014లో పదమూడోవాడిగా పోయాడు. పది సీజన్‌లు ఆడితే పదిసార్లూ ప్రో బౌల్‌కి, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జట్టుకి, ఎంపికయ్యాడు. మూడుసార్లు ఆ ఏటి ఉత్తమ డిఫెన్స్ ఆటగాడు. 111 శాక్‌లు, అంటే అన్నిసార్లు ఎదుటి క్వార్టర్‌బ్యాక్ పచ్చిక వాసన చూశాడు. 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆఖరి ఘట్టంలో సిన్సినాటి క్వార్టర్‌బ్యాక్‌ను పట్టి గిరగిరా తిప్పి ఆట ముగించాడు. హెల్మెట్ తీసి తన ఉంగరపు వేలు చూపించాడు.

ఉంగరాలు ప్రమాణమేనని కమిటీ సవరించుకుంది.

ర్యాంకులు: ఆరన్ డోనాల్డ్ ఒకటి. మరీనో రెండు. డోర్సెట్ మూడు, ఫిట్జెరాల్డ్ మూడు, మార్టిన్ మూడు, రెవిస్ మూడు, డిట్కా మూడు. ఇష్టమైనవాళ్ళు గొంతు పెంచి ఊపిరి తీసుకోకుండా చదువుకోవచ్చు.

అభ్యంతరాల గడువు ఆ పూట భోజనం అయ్యేదాకా. ఒకే ఒక్కటి వచ్చింది, సభ్యుడి దగ్గర్నుంచే.

"దూరం లెక్క తీసుకుంటే మరీనో ఇంటి నుంచి కాలేజీకి నడిచెళ్ళిపోవచ్చు బావా. డోనాల్డ్ ఇంటి దగ్గర్నుంచి కార్లో వెళ్ళాలి."

"కాలేజీకి ఎవరు కొలవమన్నారు? గుడికి కొలువు."

ఫోన్ తీసి మ్యాప్ తెరిచాడు. ఒక వేలితో ఓక్లాండ్, ఇంకో వేలితో పెన్‌హిల్స్ పట్టుకుని, మన్రోవిల్‌లో ఇంకో గుడి ఉంది కదా, అక్కడికి కొలిస్తే ఎలా ఉంటుందంటూ మొదలుపెట్టాడు. అంతలో కౌంటర్లో పెరుగన్నం గిన్నె అడుగు కనిపిస్తోందని ఎవరో అన్నారు. ఇద్దరం లేచి లైన్‌లోకి వెళ్ళాం. నేనే ముందు నిలబడ్డాను.