గుల్లలన్నీ ఒకేలా వెలగవు
సముద్రపు గుల్లలన్నీ కాల్షియం కార్బొనేటే కాబట్టి, గామా కిరణాలకు గురిచేసి వేడి చేస్తే అన్నీ ఒకేలా వెలుగుతాయని ఒక వ్యాసంలో రాశారు. ఇది ఒప్పుకోలేను. పదార్థం ఒకటే అయినా లోపల పరమాణువుల అమరిక వేరు; ఆ అమరికను బట్టే గుల్లల్లో కాల్సైట్, ఆరగోనైట్ అనే రెండు ఖనిజాలుంటాయి. కాల్సైట్‌లో ఒక్కో కాల్షియం చుట్టూ 6 ఆక్సిజన్లుంటే, ఆరగోనైట్‌లో 9 ఉంటాయి. అందుకే కాల్షియం స్థానంలో చేరే మలినాల్లో చిన్నదైన మాంగనీస్ కాల్సైట్‌లో సులువుగా ఇముడుతుంది, పెద్దదైన స్ట్రాన్షియం ఆరగోనైట్‌లో చేరుతుంది. రేడియేషన్‌కి స్ఫటికంలోని లోపాల్లో చిక్కుకున్న ఎలక్ట్రాన్లు వేడికి బయటపడినప్పుడు, ఆ శక్తిని కాంతిగా మార్చడంలో మాంగనీస్‌ది పెద్ద పాత్ర. కాల్సైట్‌లో అది నారింజ-ఎరుపు కాంతినిస్తే, ఆరగోనైట్‌లో ఆకుపచ్చ వైపు జరుగుతుంది. అంతెందుకు, ముత్యపుచిప్ప ఒక్కటి తీసుకోండి. బయటి గరుకు పొర కాల్సైట్, లోపల తళతళలాడే పొర ఆరగోనైట్. రెండూ కలిపి నూరేస్తే వచ్చే గ్లో కర్వ్ (వేడి పెరిగేకొద్దీ ఎంత వెలుగు వచ్చిందో చూపే గ్రాఫ్) దేనిదని చెప్పాలి? గుంటూరులో నా దగ్గర ఫిజిక్స్ చదివే పిల్లలు సూర్యలంక బీచ్ నుంచి గుల్లలు ఏరుకొచ్చినప్పుడు ముందు రకాలవారీగా వేరు చేయమంటాను, పొరలు విడిగా గీకమంటాను. ఇంకో ముఖ్యమైన సంగతి వ్యాసంలో అసలు రాలేదు. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఆరగోనైట్ కాల్సైట్‌గా మారిపోతుంది. గుల్లలో అప్పటికే నిలిచి ఉన్న పాత సిగ్నల్ పోగొట్టడానికని ముందే అంత వేడి చేసి, తర్వాత రేడియేషన్ ఇస్తే మనం కొలిచేది వేరే ఖనిజాన్ని. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో (ఎక్స్‌రేలతో స్ఫటిక అమరికను గుర్తించే పద్ధతి) ఏ ఖనిజం ఎంత ఉందో చూడకుండా, ముందు ఎంత వేడి చేశారో చెప్పకుండా రెండు గుల్లల గ్లో కర్వులను పక్కపక్కన పెట్టి పోల్చడం సరి కాదు.